సంఖ్యాబలం వద్దన్న బిషప్: దోర్నకల్ అజరయ్య, 1932 నియోజకవర్గాల వివాదం

ఎన్నికలు దగ్గర పడితే తెలుగు జిల్లాల్లో క్రైస్తవుల ఓట్ల లెక్క మొదలవుతుంది. అభ్యర్థులు ఆదివారం ఆరాధనకు వస్తారు, ముందు వరసలో కూర్చుంటారు, ప్రార్థన చేయించుకుని వెళ్తారు. ఆంధ్రప్రదేశ్‌లో సంఘకాపరులకు ప్రభుత్వం నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇస్తోంది. మన సంఘాలు చాలావరకు దీన్నంతా గుర్తింపు అనే అనుకుంటున్నాయి. తొంభై ఏళ్ల కిందట ఇలాంటి గుర్తింపే ఇంకా పెద్ద ఎత్తున ఎదురైనప్పుడు, తెలుగు నేల మీద పనిచేస్తున్న ఒక బిషప్ వద్దన్నాడు. ఆయన కారణాలు ఇవాళ్టికీ పనికొస్తాయని, అయితే వాటికి ఒక పెద్ద లోటు ఉందని నా అభిప్రాయం.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య (1874–1945) తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు, గ్రామ సంఘకాపరి కొడుకు. 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912లో కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి దక్కిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన అధ్యక్ష మండలంలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల నుంచి కుటుంబాలుగా, గూడేలుగా వచ్చి బాప్తిస్మం పొందినవారు.

1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని రామ్సే మెక్‌డొనాల్డ్ మత ప్రాతిపదికన స్థానాలు పంచుతూ నిర్ణయం ప్రకటించాడు. ముస్లింలు, సిక్కులతో పాటు మద్రాసు రాష్ట్రపు భారతీయ క్రైస్తవులకూ ప్రత్యేక నియోజకవర్గాలు, అంటే తమ మతస్థులే ఓటు వేసి తమ ప్రతినిధిని ఎన్నుకునే స్థానాలు, వచ్చాయి. క్రైస్తవుల్లోనే దీనిపై ఏకాభిప్రాయం లేదు. రౌండ్ టేబుల్ సమావేశాల్లో పాల్గొన్న కాథలిక్ నాయకుడు ఎ.టి. పన్నీర్‌సెల్వం ప్రత్యేక నియోజకవర్గాలు కావాలన్నాడు. అజరయ్య వ్యతిరేకించాడు. ఆయన వాదన రాజకీయ వ్యూహం కాదు, సంఘ స్వభావం గురించినది. క్రైస్తవులు ఒకే కులం వారు కారు, ఒకే వృత్తి వారు కారు. వారిని కలిపేది విశ్వాసమొక్కటే. అలాంటి సంఘాన్ని ఓటర్ల జాబితాగా మారిస్తే అది మరో కులమై గిరిగీసుకుని కూర్చుంటుంది. ఇంకొకటి, ఆయనకు దీని గురించే ఎక్కువ బెంగ: బాప్తిస్మం పొందిన ప్రతి మనిషీ ఒక ఓటుగా లెక్కకు వస్తే, సువార్త చెప్పేవాడి నోట ఏ మాట వచ్చినా పొరుగువాడు అనుమానిస్తాడు. ఆ అనుమానం అన్యాయమని కొట్టిపారేయడానికీ వీలుండదు.

గాంధీతో ఆయనకు వచ్చిన పేచీ ఇక్కడే అర్థమవుతుంది. 1936–37లో 'హరిజన్' పత్రికలో గాంధీ సామూహిక మతమార్పిడులను తీవ్రంగా విమర్శించాడు. దళితుల ఆకలిని, అమాయకత్వాన్ని మిషన్లు వాడుకుంటున్నాయన్నాడు. అజరయ్య అప్పుడు జాతీయ క్రైస్తవ మండలి అధ్యక్షుడు. ఈ సామూహిక మతమార్పిడులపై ఆ మండలి చేయించిన అధ్యయనమే వాస్కమ్ పికెట్ 1933లో ప్రచురించిన గ్రంథం. గూడెం మొత్తం కలిసి నిర్ణయం తీసుకోవడం తప్పు కాదనీ, పేదవాడికి ఆత్మగౌరవం కోసం మతం ఎంచుకునే హక్కుందనీ అజరయ్య నమ్మాడు. అంటే జనం పెద్ద సంఖ్యలో రావడం ఆయనకు అభ్యంతరం కాదు. ఆ సంఖ్యను అధికారంగా మార్చుకోవడమే అభ్యంతరం. ఈ తేడాను గాంధీ పట్టించుకోలేదు. క్రైస్తవ నాయకుల్లోనూ పట్టించుకున్నవారు తక్కువే.

ఈ పట్టుదలకు ఆధారం దోర్నకల్ పల్లెల్లో ఉంది. అన్నం వండే ప్రతిసారీ ఆడవాళ్లు పిడికెడు బియ్యం తీసి కానుకగా పక్కన పెట్టేవారు. కూలీలు, పాలేర్ల ఇళ్లవి ఆ బియ్యం. తన బోధకుణ్ని తానే పోషించుకునే సంఘానికి దొర దయ అక్కర్లేదు, సర్కారు స్థానమూ అక్కర్లేదు. గౌరవ వేతనం అందుకునే కాపరికి ఈ చరిత్ర కొంచెం గుచ్చుకోవాలి. (అయితే 1930 దాకా భారతదేశంలోని ఆంగ్లికన్ సంఘం చట్టరీత్యా ఇంగ్లండ్ రాజసంఘంలో భాగమే. ఆ నీడలో బిషప్ అయిన మనిషి ఈ మాట అన్నాడన్నదీ మరవకూడదు.)

లోటు వేరే చోట ఉంది. సంఘం కులం కాకూడదన్నది సరే. సంఘంలో చేరినవాడి కులాన్ని ఊరు మరిచిపోతుందా? దోర్నకల్ ప్రాంతపు దళిత క్రైస్తవుడు బాప్తిస్మం తర్వాతా అదే గూడెంలో, అదే భూస్వామి కింద ఉన్నాడు. అతడికి రాజకీయ రక్షణ అవసరమా అన్న ప్రశ్నకు అజరయ్య దగ్గర సూటి జవాబు కనిపించదు. ఆయన మరణం తర్వాత, 1949లో రాజ్యాంగ సభ మత మైనారిటీల స్థానాల రిజర్వేషన్లు తీసేసినప్పుడు క్రైస్తవ ప్రముఖుడు హెచ్.సి. ముఖర్జీ సమర్థించాడు. అది అజరయ్య వైఖరికి కొనసాగింపే. మరుసటి ఏడాది, 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా విస్తరించారు, క్రైస్తవులకు విస్తరించలేదు. క్రైస్తవం స్వీకరించిన దళితులు తెలుగు రాష్ట్రాల్లో నేటికీ ఒక శాతం రిజర్వేషన్ ఉన్న బీసీ-సీ జాబితాలోనే ఉన్నారు.