ఒప్పందం నుంచి అనురాగం దాకా: జార్జెట్ హేయర్ ‘ఎ సివిల్ కాంట్రాక్ట్’ నవలలో అవసరార్థ వివాహం

వ్యాససంగ్రహం:
చారిత్రక ప్రణయనవలను కాలక్షేప సాహిత్యంగా భావించి పక్కన పెట్టడం విమర్శలో పరిపాటి. ఆంగ్ల రచయిత్రి జార్జెట్ హేయర్ (1902–1974) 1961లో ప్రచురించిన ‘ఎ సివిల్ కాంట్రాక్ట్’ నవల ఆధారంగా, ఇటువంటి రచన ఇచ్చే పఠనానందానికీ అందులోని ఆస్తిచట్టాల, ఆర్థిక పరిస్థితుల చిత్రణకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: చారిత్రక నవల, అవసరార్థ వివాహం, రీజెన్సీ యుగం, స్త్రీల ఆస్తిహక్కు, పఠనానందం.

1. ప్రవేశిక

సాధారణ ప్రేమకథ పెళ్లితో ముగుస్తుంది. అవసరార్థ వివాహం ఇతివృత్తంగా గల కథ పెళ్లితో మొదలవుతుంది. ధనం, హోదా, వంశగౌరవం వంటి ప్రయోజనాల కోసం ఒకటైన ఇద్దరి మధ్య అనురాగం పుడుతుందా లేదా అన్నదే అందులో పాఠకుణ్ణి చదివించే ప్రశ్న. హేయర్ ఈ ఇతివృత్తాన్ని ఒకటి కంటే ఎక్కువసార్లు చేపట్టింది. 1934 నాటి ‘ది కన్వీనియెంట్ మ్యారేజ్’లో కథాకాలం 1776. అందులో హొరేషియా, తన అక్క ఎలిజబెత్‌కు బదులుగా తనను పెళ్లాడమని రూల్ ప్రభువును స్వయంగా కోరుతుంది. అక్కడ ఒప్పందం హాస్యానికి తెరతీసే ఉపాయం మాత్రమే. ఇరవై ఏడేళ్ల తర్వాత వచ్చిన ‘ఎ సివిల్ కాంట్రాక్ట్’లో ఆ ఒప్పందమే కథావస్తువైంది.

2. వివాహం – చట్టం – ఆస్తి

నవల పేరు న్యాయశాస్త్ర పరిభాష. చట్టం దృష్టిలో వివాహం ఒక పౌర ఒప్పందమేనని 1765లో వెలువడిన తన వ్యాఖ్యాన గ్రంథం తొలి సంపుటంలో బ్లాక్‌స్టన్ ప్రతిపాదించాడు. 1753 నాటి హార్డ్‌విక్ చట్టం ఇంగ్లండులో రహస్య వివాహాలను నిరోధించి, పెళ్లిని బహిరంగ ప్రకటనకో లైసెన్సుకో లోబరచింది. కులీన కుటుంబాల భూమి తరతరాల కట్టుబాట్లతో జ్యేష్ఠ పుత్రుడికి సంక్రమించేది. అందువల్ల వారసుడికి ఎకరాలు ఉన్నా చేతిలో రొక్కం ఉండకపోవచ్చు. నగర వర్తకుడి పరిస్థితి ఇందుకు విరుద్ధం. అతనికి రొక్కం ఉంది, హోదా లేదు. ఈ రెండు కొరతలూ కలిసే చోటు పెళ్లి.

వివాహానంతరం భార్య చరాస్తి భర్తపరమయ్యేది. దీనికి విరుగుడుగా సంపన్న కుటుంబాలు పెళ్లికి ముందే ఒప్పందపత్రం రాయించుకొనేవి. భార్యకు ఏటా ఇచ్చే చేతిఖర్చు, వితంతువైతే లభించే భృతి, పిల్లల వాటాలు అందులో నిర్ణయమయ్యేవి. దీన్ని ‘కట్నం’ అని అనువదిస్తే అర్థం చెడుతుంది. మన స్మృతులు చెప్పిన స్త్రీధనంతోనూ, ఆడపిల్లకు పసుపుకుంకుమల కింద ఇచ్చే భూమితోనూ పోల్చవచ్చు గాని, రెండూ ఒకటి కావు. ఆంగ్ల వివాహిత సొంత ఆస్తిహక్కును చట్టం గుర్తించడం 1870, 1882 చట్టాలతోనే సాధ్యమైంది.

3. నవలలో ఒప్పందం

ఆడమ్ డెవెరిల్ స్పెయిన్ రణరంగం నుంచి తిరిగివచ్చిన సైనికాధికారి. తండ్రి ఆకస్మిక మరణంతో అతనికి లింటన్ వైకౌంట్ బిరుదు, లింకన్‌షైర్‌లోని ఫాంట్లీ భవనం, వాటితో పాటు పెనుభారమైన అప్పులు సంక్రమించాయి. అతను ప్రేమించినది అందగత్తె జూలియాను. పెళ్లాడినది ధనిక వర్తకుడు జొనాథన్ చాలీ కూతురు జెన్నీని. జెన్నీ జూలియాకు సహాధ్యాయిని. అతని ప్రేమ సంగతి ఆమెకు ముందే తెలుసు.

చాలీ లండన్ ఇంటిని తన అభిరుచి మేరకు ఆర్భాటంగా అలంకరించి ఇస్తాడు. అల్లుడికి అది కాదనలేని కానుక, మనసారా స్వీకరించలేని కానుక కూడా. ఇచ్చేవాడి ఔదార్యం, పుచ్చుకొనేవాడి అభిమానం ఢీకొనే ఇటువంటి ఘట్టాలలో ఇద్దరిపైనా మనకు సానుభూతి కలగడం హేయర్ నైపుణ్యం. జెన్నీ భర్త మనసును మాటలతో కోరదు. అతని భోజనం, విశ్రాంతి, ఇష్టాయిష్టాలు గమనించి ఇంటిని నడుపుతుంది. జూలియా సైతం చివరకు వయసులో పెద్దవాడైన రాక్‌హిల్ ప్రభువును పెళ్లాడుతుంది. ప్రేమ ఆరాధన కోరిన ఆమెకూ లెక్కలు తప్పలేదు.

4. వాటర్లూ – కథామలుపు

ఈ నవల ఆర్థిక చరిత్రతో గాఢంగా పెనవేసుకొన్న ఘట్టం 1815 జూన్ నెలది. వాటర్లూ యుద్ధం 18న జరిగింది. విజయవార్త లండన్‌కు చేరింది 21 రాత్రి. ఈ మధ్యకాలంలో ఓటమి వదంతులకు బెదరిన చాలీ ప్రభుత్వ ఋణపత్రాలు అమ్మేయమంటాడు. వెల్లింగ్టన్ కింద పనిచేసిన ఆడమ్ సేనాని మీద నమ్మకంతో వాటిని కొంటాడు. ఆ లాభంతో మామ ఋణం నుంచి విముక్తికి దారి దొరుకుతుంది. అదే యుద్ధాన్ని 1937లో ‘యాన్ ఇన్‌ఫేమస్ ఆర్మీ’లో చిత్రించిన రచయిత్రి, ఇక్కడ రణరంగాన్ని చూపకుండా దాని ఫలితాన్ని ఋణపత్రాల ధరలో చూపింది. భర్త మామకు బాకీ ఉన్నంతకాలం భార్యపై అతని ఆదరాన్ని కృతజ్ఞతగానో విధిగానో శంకించవచ్చు. ఆ బంధం సడలాక కూడా నిలిచిన ఆదరానికి విలువ వేరు. ప్రణయకథ మలుపు తిరగడానికి ఆర్థిక ఘటన అవసరమైంది ఇందుకే.

5. నవల చూపని పార్శ్వం

ఈ ఆనందానికి ఒక మూల్యం ఉంది. డబ్బు గురించి మాట్లాడేది మామ, అల్లుడు. ఎవరి పేర ఆ డబ్బు చేతులు మారిందో ఆ జెన్నీకి అందులో మాట తక్కువ. ఆమె సహనం మనల్ని ఎంత ఆకట్టుకొంటే, ఆ సహనాన్ని తప్పనిసరి చేసిన చట్టం అంతగా మరుగున పడుతుంది.

కులీన వివాహాలను పోషించిన సంపదలో వలసల వాటా మరో పార్శ్వం. మద్రాసు గవర్నరు థామస్ పిట్ గోల్కొండ గనుల వజ్రాన్ని కొని, 1717లో ఫ్రాన్స్ రీజెంటుకు అమ్మాడు. అతని కూతురు లూసీ 1713లోనే జేమ్స్ స్టాన్‌హోప్‌ను పెళ్లాడింది. అతను తరువాత ఎర్ల్ అయ్యాడు. కృష్ణాతీరపు గనులకూ ఆంగ్ల ప్రభువుల కుటుంబాలకూ నడుమ సాగిన ఈ దారి తెలుగు పరిశోధకులు అన్వేషించదగినది.

6. ముగింపు

ఆడమ్ చివరకు జెన్నీ లేని జీవితాన్ని ఊహించుకోలేని స్థితికి చేరతాడు. జూలియాపై కలిగిన తొలి మోహం మాత్రం ఆమెపై కలగదు. కొందరు పాఠకులకు ఇది నిరాశగా తోచవచ్చు. కాని అప్పు, వారసత్వం, ఋణపత్రాలు ఇంత నిక్కచ్చిగా చూపిన నవల చివర అకస్మాత్తుగా మోహం పుట్టించి ఉంటే ముందు చెప్పినదంతా అబద్ధమయ్యేది. ‘ఎ సివిల్ కాంట్రాక్ట్’ ఇచ్చే ఆనందం ఈ నిజాయితీలో ఉంది. చట్టాన్నీ ధరలనూ తెలుసుకొని చదివితే ఆ ఆనందం తగ్గదు. జెన్నీ ఏమి పొందిందో, ఏమి వదులుకొందో స్పష్టమవుతుంది.