మనియార్డరు నుంచి మెరుపు బాట దాకా: దుడ్డు పంపిన కథ

నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు అక్షరాలు రైల్వేలో చేరినాక పక్క సీటు మిత్రుడొకరి దగ్గర నేర్చుకొన్నాను. తప్పులుంటే చెప్పండి, దిద్దుకొంటాను.

పోయిన నెల మీటింగులో జరిగిన వాదన వచ్చినవాళ్లకు తెలుసు. చదువుల నిధికి సింగపూరు, దుబాయి, అమెరికాలో ఉండే మనవాళ్లు బిట్‌కాయిన్‌తో పంపవచ్చునని ఒక తమ్ముడు చెప్పినాడు. "బిట్‌కాయిన్ ఒక్కటే అమ్మే ఎక్స్‌ఛేంజీలు ఉండాయి అన్నా, రెప్పపాటులో చేరిపోతుంది, ఖర్చు పైసల్లోనే" అన్నాడు. ఒక పెద్దాయన "ఇది జూదం" అని కండువా దులుపుకొని లేచిపోయినారు. ఇద్దరూ నాకు కావలసినవాళ్లే. అందుకని కూర్చొని చదివినాను. చదివింది ఇక్కడ రాస్తున్నాను.

దుడ్డు దూరం పంపే బాధ మనకు కొత్తది కాదు. బ్యాంకులు రాకముందు వర్తకులు హుండీ రాసేవారు. ఇక్కడ దుడ్డు కట్టి కాగితం తీసుకొంటే, అక్కడి కొట్టులో ఆ కాగితం చూపి దుడ్డు తీసుకొనేది. మా తమిళ సీమలో నాట్టుకోట్టై చెట్టియార్లు ఈ వ్యవహారం బర్మా దాకా నడిపినారు. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి ఓడలెక్కి రంగూను పోయిన మన తెలుగు కూలీలను అక్కడివాళ్లు 'కోరంగీలు' అని పిలిచేవారు. యానాం పక్కనే ఉండే కోరంగి రేవు పేరే అది. వాళ్లు ఇంటికి పంపే దుడ్డు కూడా ఎవరో ఒకరి చేతి మీదుగానే రావాలి. 1880లో తపాలు ఇలాకా మనియార్డరు మొదలుపెట్టినాకే పేదవాడికి ఒక సర్కారు దారి దొరికింది.

మా నాయన రైల్వే గ్యాంగులో పని. నెలకొకసారి మనియార్డరు వచ్చేది. అమ్మ వేలిముద్ర వేసేది, పోస్టుమ్యాన్ చేతిలో ఏదో చిల్లర పెట్టేది. అది ఎందుకని అడిగితే "నీకెందుకురా" అనేది. మనియార్డరు చివరి ఏళ్లలో ఇరవై రూపాయలకు ఒక రూపాయి కమీషన్. అంటే నూటికి అయిదు. పంపేవాడు ఎంత బీదవాడైతే ఆ అయిదు అంత బరువు. తమ్ముడు మీటింగులో 'ఖర్చు పైసల్లోనే' అన్నప్పుడు నాకు అమ్మ చేతిలోని చిల్లరే గుర్తొచ్చింది.

ఇప్పుడు బిట్‌కాయిన్ సంగతి. 2008 అక్టోబరు 31న సతోషి నకమోతో అనే పేరుతో ఎవరో తొమ్మిది పేజీల కాగితం బయట పెట్టినారు. ఆ మనిషి ఎవరో ఇంతవరకు బయటపడలేదు. 2009 జనవరి 3న మొదటి లెక్క మొదలైంది. అందులో ఉండే చిక్కు నాకు బుకింగు కౌంటరు అనుభవంతో బిరాన అర్థమైంది. పాత అట్ట టికెట్టు గుర్తుందా? ప్రతి టికెట్టుకు వరుస నంబరు. డ్యూటీ దిగేటప్పుడు ఆఖరి నంబరు పుస్తకంలో రాయాలి. ఒకే నంబరు ఇద్దరికి అమ్మితే లెక్కలో పట్టుబడతాము. కంప్యూటర్లో ఉండే దుడ్డుకు ఇదే భయం: ఒకే రూపాయిని ఇద్దరికి ఇస్తే? బ్యాంకులో అయితే పుస్తకం బ్యాంకు చేతిలో ఉంటుంది. బిట్‌కాయిన్‌లో ఆ పుస్తకం లోకమంతా వేల కంప్యూటర్లలో ఉంటుంది, సుమారు పది నిమిషాలకొక పేజీ చేరుతుంది.

ఆ పది నిమిషాల దగ్గరే ఇబ్బంది. పేజీ చిన్నది, సెకనుకు ఏడు లావాదేవీల లెక్కన మాత్రమే పడుతుంది. 2010 మే 22న ఒకాయన రెండు పిజ్జాలకు పదివేల బిట్‌కాయిన్లు ఇచ్చినాడు. అప్పుడు రద్దీ లేదు. 2017 డిసెంబరులో జనం ఎగబడేసరికి ఒక్కసారి పంపేదానికి సగటు ఖర్చు యాభై డాలర్లు దాటింది. టీ తాగేదానికి ఎవరు వాడతారు?

దానికి మందుగా 2016లో జోసెఫ్ పూన్, థాడియస్ డ్రైజా అనే ఇద్దరు లైట్నింగ్ నెట్‌వర్క్ కాగితం రాసినారు. నేను దీన్ని మెరుపు బాట అంటాను. మా ఆఫీసు ఎదుట టీ అంగడిలో ఖాతా ఉండేది. నెల మొదట్లో కొంత కట్టిపెడితే దినం తాగిన టీ నోటుబుక్కులో గీత పెట్టి, నెలాఖరుకు ఒక్కసారి లెక్క తేల్చేవాళ్లము. ఇదీ అంతే. ఇద్దరూ కొంత దుడ్డు పెద్ద పుస్తకంలో కట్టిపెట్టి, వాళ్ల మధ్య ఎన్నిసార్లయినా మార్చుకొని, చివర తేలిన లెక్క మాత్రం పెద్ద పుస్తకంలో ఎక్కిస్తారు. నాకు నీతో ఖాతా లేకపోయినా, మనిద్దరికీ ఖాతా ఉండే మూడోవాడి మీదుగా పంపవచ్చు. వాడు మధ్యలో మింగకుండా లోపల తాళం ఉంది. తమ్ముడు చెప్పిన రెప్పపాటు ఇదే. ఆ మాట అబద్ధం కాదు.

అయితే ఎక్స్‌ఛేంజీ వేరు, బాట వేరు. ఎక్స్‌ఛేంజీ అంటే మన దుడ్డు తీసుకొని బిట్‌కాయిన్ ఇచ్చే అంగడి. బిట్‌కాయిన్ ఒక్కటే అమ్మేచోట వందల రకాల నకిలీ నాణేలు అంటగట్టే బెడద లేదు, అది మంచిదే. కానీ నాణెం వాళ్ల పెట్టెలోనే వదిలిపెడితే అది వాళ్ల మాట మీద నిలిచిన సొమ్ము. టోక్యోలో మౌంట్ గాక్స్ అమ్మింది కూడా బిట్‌కాయినే. 2014 ఫిబ్రవరిలో మూతపడినప్పుడు సుమారు ఎనిమిదిన్నర లక్షల బిట్‌కాయిన్లు కనబడలేదు. తర్వాత రెండు లక్షలు దొరికినాయి.

దినం వాడకానికి పెట్టి చూసిన దేశం ఎల్ సాల్వడార్. అక్కడివాళ్లు లక్షల మంది అమెరికాలో కూలి చేసి ఇంటికి పంపేవాళ్లు, మన రంగూను కథే. ఎల్ జొంటే అనే సముద్రపు పల్లెలో 2019లో చిన్నగా మొదలైంది. 2021 సెప్టెంబరు 7 నుంచి దేశమంతా బిట్‌కాయిన్ చెల్లాలని చట్టం. చివో అనే సర్కారు యాప్ పెట్టుకొంటే 30 డాలర్లు ఉచితం. జనం పెట్టుకొన్నారు, 30 డాలర్లు ఖర్చు చేసినారు, చాలామంది మళ్లీ తెరవలేదు. 2023లో బయట నుంచి వచ్చిన దుడ్డులో ఈ దారిన వచ్చింది నూటికి రెండు వంతులు కూడా కాదు. ఆ నడుమ బిట్‌కాయిన్ ధర 2021 నవంబరులో సుమారు 69,000 డాలర్ల నుంచి ఏడాదిలో 16,000కు పడింది. కొడుకు పంపిన నూరు డాలర్లను అట్లే ఉంచుకొన్న తల్లికి పాతిక కూడా మిగలదు. 2025 జనవరిలో చట్టం మార్చి, తీసుకోవడం ఎవరిష్టం వాళ్లది అన్నారు.

ఇక మన దేశం. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు రిజర్వు బ్యాంకు పెట్టిన అడ్డు కొట్టివేసింది కాబట్టి కొనడం నేరం కాదు. కానీ 2022 నుంచి లాభం మీద నూటికి 30 పన్ను, అమ్మేటప్పుడు నూటికి ఒకటి ముందే కోత. రైలు చార్జీ తక్కువే, స్టేషనుకు పోయే ఆటో చార్జీ ఎక్కువ అన్నట్టుంది.

సంఘానికి ఇంకా పెద్ద చిక్కు ఉంది, మీటింగులో ఎవరూ ఎత్తలేదు. విదేశీ పౌరసత్వం తీసుకొన్న మనవాళ్లు ఇచ్చేది విదేశీ విరాళం కింద లెక్క. దానికి కేంద్రం దగ్గర నమోదు కావాలి, దుడ్డు ఢిల్లీ స్టేట్‌బ్యాంకు ఖాతాలోకే రావాలి. మనకు ఆ నమోదు లేదు. భారత పౌరులుగానే ఉండేవాళ్లు తమ సంపాదనలోంచి మామూలు బ్యాంకు దారిన పంపితే ఆ బాధ లేదు. బిట్‌కాయిన్ ఆ మామూలు బ్యాంకు దారి కాదు.

సింగపూరులో ఉండేవాళ్లు ఇక్కడి తమవాళ్లకు పంపేదానికి 2023 ఫిబ్రవరిలోనే మన యూపీఐని వాళ్ల పేనౌతో కలిపినారు. బిట్‌కాయిన్ లేకుండానే ఫోన్‌లోంచి ఫోన్‌కు చేరుతుంది. ఈ సంగతి తమ్ముడికి చెప్పినాను. "నాకు తెలియదు అన్నా" అన్నాడు. లేచిపోయిన పెద్దాయనకు కూడా ఫోన్ చేసినాను. వచ్చే మీటింగుకు వస్తామన్నారు. వచ్చేటప్పుడు నిధి ఖాతా పుస్తకం, నమోదు కాగితాలు కోశాధికారి తేవాలని ఇక్కడే మనవి చేస్తున్నాను.