మునీమ్ జేబు మీద నీలి మరక

మా సోలాపూర్ తూర్పు భాగం గురించి రాసేవాళ్లందరూ మగ్గంతోనే మొదలుపెడతారు. చద్దరు, టవలు, జకార్డు, పవర్‌లూము. సబబే. కానీ ప్రతి కార్ఖానాలోనూ మగ్గం ముట్టని మనిషి ఒకడుండేవాడు, మునీమ్. చప్పుడు కాస్త తగ్గి వినిపించే మూలగదిలో, గాదీ మీద కూర్చుని, ముందు వాలుబల్ల పెట్టుకుని, ఎవరి వారం కూలి ఎంతో తేల్చేది అతనే. చిన్నప్పుడు నేను చూసిన మునీమ్‌లలో తెల్లచొక్కా జేబు కింద నీలి మరక లేనివాడు లేడు. ఆ మరక పెట్టిన పెన్ను గురించి, అది నింపిన పుస్తకాల గురించి చెప్పుకోవలసింది చాలా ఉంది.

పేట పుట్టుక సంగతి ముందు క్లుప్తంగా. 1860లో రైలు సోలాపూర్ దాకా వచ్చింది. 1877లో మొరార్జీ గోకుల్‌దాస్ మిల్లు నడక మొదలుపెట్టింది. తర్వాత మరికొన్ని మిల్లులు లేచాక దాన్ని అందరూ జూనీ మిల్లు, అంటే పాత మిల్లు, అన్నారు. నూలు, రైలు, అంగడి ఒక్కచోట దొరికేసరికి నిజాం రాజ్యంలోని కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మెదక్ వైపు పద్మశాలి కుటుంబాలు కరువుకో అప్పుకో ఊరు విడిచి ఇటు వచ్చాయి. సాఖర్ పేట, భవానీ పేట, కన్నా చౌక్, జోడ్‌బసవన్న చౌక్ చుట్టుపక్కల గల్లీలు అలా నిండాయి. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, సందు దాటితే కన్నడమో ఉర్దూనో. ఇవాళ్టికీ అంతే.

మా ఇంట్లో ఒక పాత కూలి పుస్తకం మిగిలింది. ఎర్రగుడ్డ అట్ట, మధ్యలో తెల్లదారం కుట్టు. వహీ అంటాం. సగం దాకా తెలుగు రాత, అంకెలు కూడా తెలుగువే. తర్వాతి పేజీ నుంచి హఠాత్తుగా మరాఠీ. మునీమ్ మారాడన్నమాట. పేజీ నిండా గళ్లు: మనిషి పేరు, మగ్గం నంబరు, దిగిన చద్దర్లు, డ్యామేజీ కింద కోత, పాత బాకీ, అందులో ఈ వారం పట్టుకున్నది, చేతికిచ్చింది. చివరి గడిలో బొటనవేలి ముద్ర. సంతకాలు బహు తక్కువ. ఒకతని పేరు ఎదుట బాకీ వారం వారం పట్టుకుంటూనే ఉన్నారు, అంకె మాత్రం తగ్గదు. మధ్యలో పెళ్లి అనో మందులు అనో చిన్నగా రాసి మళ్లీ కొంత కలిపారు. అతని అక్షరం ఒక్కటీ ఆ పుస్తకంలో లేదు. అతని బతుకంతా ఇంకొకరి చేతిరాతలో ఉంది.

ఫౌంటెన్ పెన్ను మీద మక్కువ ఉన్నవాళ్లు పాళీ అందం, సిరా రంగు గురించి చెబుతుంటే వింటాను, నాకూ ఇష్టమే. అయినా నాకు ముందు ఆ బాకీ గడే కళ్లముందు నిలుస్తుంది. లక్ష్మీపూజ నాడు వహీకి, పెన్నుకు పసుపు కుంకుమలు పెట్టి దండం పెట్టింది యజమానులం మేమే. మగ్గం నడిపినవాడు ఆ పుస్తకానికి మనస్ఫూర్తిగా మొక్కి ఉంటాడని నేననుకోను.

పేటలో సిరా పని అదొక్కటే కాదు. సొంతూళ్లకు పోస్టుకార్డులు వెళ్లేవి. గల్లీకి ఒకరో ఇద్దరో తెలుగు రాయగలవాళ్లుండేవారు. సాయంత్రం వాళ్ల అరుగు మీద ఆడవాళ్లు చేరేవారు. ఒకామె చేటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతూనే చెప్పేది: ‘నూరు రూపాయలు పంపిన, అందినయో లేదో రాయమను. చిన్నోనికి జరం తగ్గింది. దసరాకు రాలేం.’ రాసేవాడు చివర తన మర్యాద మాట ఒకటి కలిపేవాడు. మునిసిపాలిటీ తెలుగు బడులు ఉన్నా, పిల్లల్లో ఎక్కువమంది మరాఠీ బడిబాట పట్టడంతో అలా రాసేవాళ్లు తగ్గారు. ఆ తర్వాత ఫోన్లొచ్చాయి, కార్డులే ఆగిపోయాయి.

ఇక ఆ సిరా ఎక్కడిది? మహారాష్ట్రలో దాని వెనక దాండేకర్ల కథ ఉంది. 1931లో బొంబాయిలో వాళ్లు మొదలుపెట్టింది గుర్రం మార్కు సిరా పొడితో. నీళ్లలో కలుపుకుంటే సిరా. ఆ వ్యాపారమే తర్వాత కేమ్లిన్ అయింది, కేమెల్ సిరా సీసా బళ్లలోకీ గాదీల మీదకీ వచ్చింది. బెంగాల్లో సులేఖా సిరా 1934లో పుట్టింది. విదేశీ బట్ట మానేసినట్టే విదేశీ సిరా, విదేశీ పెన్ను మానెయ్యాలన్న పట్టుదల ఉన్న రోజులవి. మా ఊరికి ఆ పట్టుదల ఖరీదు బాగా తెలుసు. 1930 మే నెలలో సోలాపూర్ మీద మార్షల్ లా పెట్టారు. గాంధీ టోపీ పెట్టుకోవడమే నేరమైంది. మా ఊరి ఉద్యమకారులు మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుస్సేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సార్డాలను 1931 జనవరి 12న ఎరవాడ జైల్లో ఉరితీశారు. వాళ్ల విగ్రహాలున్న చౌక్ మీదుగానే మా సరుకు స్టేషన్‌కు పోతుంది.

అదే కాలంలో తెలుగునాట రాజమండ్రిలో కె.వి. రత్నం పూర్తి స్వదేశీ పెన్ను తయారీకి పూనుకున్నారు. 1932లో పని మొదలైంది. సహచరుడు జె.సి. కుమారప్ప ద్వారా పెన్ను గాంధీజీకి చేరింది. అది బాగుందనీ, విదేశీ పెన్నులకు బదులు పనికొస్తుందనీ 1935 జులై 16న వార్ధా నుంచి ఆయన రత్నానికి ఉత్తరం రాశారు. ఆ ఉత్తరంతోనే రత్నం పెన్నుకు దేశమంతా పేరొచ్చింది.

టవళ్ల ఆర్డర్ల పని మీద నేను రాజమండ్రి వెళ్తుంటాను. సోలాపూర్‌లో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే వాడి, సికింద్రాబాద్, కాజీపేట, వరంగల్ మీదుగా వెళ్లి గోదావరి దాటగానే దించుతుంది. మా పెద్దలు వదిలొచ్చిన ఊళ్ల పక్కనుంచే ప్రయాణం. పని తాడితోటలోని మహాత్మాగాంధీ హోల్‌సేల్ క్లాత్ కాంప్లెక్సులో. అక్కడ లెక్క తేలాక కోటగుమ్మం వెళ్లి రత్నం పెన్ను కొనుక్కుంటానంటే, నాతో వ్యాపారం చేసే పెద్దాయన ఒక సలహా చెప్పారు: ‘కొనండి బాబూ, తప్పేముంది? కానీ నిండా సిరా పోసుకోండి, లేదా ఖాళీగా పట్టుకెళ్లండి. సగం ఉంటేనే కక్కుద్దండీ అది.’

ఆ మాటతో మా మునీమ్‌ల జేబు మరక సంగతి తేలిపోయింది. ఈ రకం పెన్నుకు లోపల రబ్బరు తిత్తి ఉండదు. మర విప్పి, డ్రాపర్‌తో సిరాను నేరుగా ఒంట్లోకే పోస్తారు. సిరా సగానికి దిగితే మిగతాదంతా గాలి. జేబులో మనిషి ఒంటి వేడికి ఆ గాలి ఉబ్బి సిరాను పాళీ వైపు తోస్తుంది. ఎండాకాలం సోలాపూర్‌లో ఆ వేడికేం తక్కువ?

పెన్ను ఒళ్లు ఎబోనైట్, అంటే రబ్బరులో గంధకం బాగా కలిపి ఉడికించి గట్టిపరచిన సరుకు. కడ్డీని ముక్కలుగా కోసి, లోపల తొలిచి, లేతు మీద తిప్పుతూ ఉలితో సన్నం చేస్తారు. పొరలు చుట్టలు చుట్టుకుని రాలుతుంటాయి, గంధకం వాసన వేస్తుంది. తర్వాత మర కోయడం, మెరుగు పెట్టడం. పాళీ కింద ఉండే నాలుక కూడా ఎబోనైటే. దానిలో సిరా దిగే సన్నటి గాడి సరిగ్గా పడకపోతే పెన్ను ఎంత మెరిసినా దండగే. పాళీ మొనను నున్నటి రాయి మీద నాలుగు తిప్పులు తిప్పి, కాగితం మీద గీసి, మళ్లీ రుద్ది, రాసేవాడి చేతివాటానికి కుదిర్చి ఇవ్వడంలో ఉంది పనితనం. తెలుగు రాత గుండ్రంగా ఉంటుంది, పాళీ అన్ని వైపులా జారాలి. నాకు కుదిరిన పాళీ తెలుగుకు హాయిగా ఉంది, మరాఠీ తలకట్టు గీత దగ్గర మాత్రం కాస్త గీరుతుంది. సోలాపూర్ మనిషికి రెండు పాళీలు కావాలేమో!

ఇంత చేతిపని ఉన్న సరుకుకు పేరే ఆస్తి. ఆ పేరును కాపాడుకోవడం ఎంత కష్టమో మాకు తెలుసు. సోలాపురి చద్దరుకు, టెర్రీ టవలుకు భౌగోళిక గుర్తింపు 2005లోనే వచ్చింది. అయినా ఎక్కడో నేసి మా ఊరి పేరు కుట్టిన చద్దర్లు మాకంటే చవగ్గా అమ్ముతున్నారు. ఇది మా పేటలో నేసిందేనని చూపడానికి మా దగ్గరున్న పాత ఆధారాలు ఏవి? ఆ వహీలే. ఏ ఏడు ఎన్ని మగ్గాలు నడిచాయి, ఏ రకం ఎంత దిగింది, ఎవరు నేశారు, వాళ్లకు ఎంత ఇచ్చారు, ఎంత కోశారు, అన్నీ వాటిలోనే ఉన్నాయి. కంప్యూటరు వచ్చాక వాటిని కిలోల లెక్కన పాత కాగితాలు కొనే రద్దీవాలాకు వేశాం. యజమానులు కొందరు కావాలనే వేశారని నా అనుమానం. బాకీ గడులు మనవళ్లు చదవడం ఎవరికి ఇష్టం?

తూర్పు భాగంలో మీ ఇంటి అటక మీద ఎర్ర అట్ట వహీ, బీడీ కార్డు, పాత పోస్టుకార్డుల కట్ట ఏదున్నా రద్దీకి వెయ్యకండి. తెలుగు చదవడం రాకపోతే గల్లీలో పెద్దవాళ్ల చేత చదివించి, ఫోన్లో ఫొటో తీసి, ఊళ్లో ఏదైనా గ్రంథాలయానికో కాలేజీకో అప్పగించండి. ఇచ్చేముందు కార్ఖానా పేరు, గల్లీ పేరు, తెలిస్తే సంవత్సరం, లోపలి అట్ట మీద పెన్సిల్‌తో రాయండి.