పత్తి డబ్బుతో లేచిన గంటల గోపురం

ముంబై ఓవల్ మైదానం పక్కన, విశ్వవిద్యాలయం ఫోర్ట్ ప్రాంగణంలో రాజాబాయి గడియార స్తంభం ఎత్తు 280 అడుగులు. దాని కథ మొదలైంది మాత్రం అమెరికాలో. 1861లో అక్కడ అంతర్యుద్ధం రాగానే దక్షిణాది రాష్ట్రాల పత్తి రేవు దాటలేకపోయింది. ఇంగ్లండ్ మిల్లులు మన పత్తికి ఎగబడ్డాయి. బొంబాయి వర్తకుల దశ తిరిగింది.

వాళ్లలో మొదటివాడు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్. 1864లో విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి 2 లక్షల రూపాయలిచ్చాడు. కొన్ని వారాలకే గంటల గోపురానికి మరో 2 లక్షలిచ్చి, దానికి తన తల్లి రాజాబాయి పేరు పెట్టమన్నాడు. ఆమెకు చూపు లేదనీ, జైనుల ఆచారం ప్రకారం పొద్దుగూకకముందే భోంచేయాలి కాబట్టి ఆ గంటలే ఆమెకు వేళ చెప్పేవనీ ముంబైలో చెప్పుకుంటారు.

మరుసటి ఏడే యుద్ధం ఆగింది. పత్తి ధర పడిపోయింది, సముద్రం పూడ్చే బ్యాక్ బే కంపెనీ షేర్లు చిత్తుకాగితాలయ్యాయి, ప్రేమ్‌చంద్ దివాలా తీశాడు. అప్పటికే చేయిదాటిన విరాళం మాత్రం విశ్వవిద్యాలయం దగ్గర భద్రంగా ఉండిపోయింది. ఇంకొక్క ఏడాది ఆగి ఇద్దామనుకుని ఉంటే ఈ స్తంభం ఉండేది కాదు.

నమూనా గీసినవాడు లండన్ వాస్తుశిల్పి సర్ జార్జ్ గిల్బర్ట్ స్కాట్. ఆయన మన దేశంలో అడుగే పెట్టలేదు. 1869 మార్చి 1న పునాదిరాయి పడింది. 1878 నవంబరులో పని ముగిసేసరికి స్కాట్ పోయి ఎనిమిది నెలలు.

కింద గుర్రబ్బగ్గీలు వచ్చి ఆగే వాకిలి. అక్కడి నుంచి కొంత ఎత్తు దాకా నలుచదరం, ఆపైన ఎనిమిది పలకలు. 16 గంటలు ఒకప్పుడు ‘గాడ్ సేవ్ ద కింగ్’ లాంటి బాణీలు పలికేవి. నాకు వాటికన్నా ఇష్టమైనవి గూళ్లలోని 24 రాతి బొమ్మలు. యూరప్‌లో ఇలాంటి గోపురమైతే ఆ గూళ్లలో క్రైస్తవ సాధువులుండేవారు. ఇక్కడున్నది పశ్చిమ భారతపు మనుషులు: కచ్ఛీ, పార్సీ, ఇంకా ఎందరో, ఎవరి వేషం వాళ్లది, ఎవరి తలకట్టు వాళ్లది. వాటిని మలిచినవాడు రావు బహదూర్ ముకుంద్ రామచంద్ర అనే సహాయ ఇంజనీరు. గాథిక్ కట్టడానికి బొంబాయి ముఖం తెచ్చింది ఆయనే. చాలా ఏళ్లుగా మామూలు జనాన్ని మెట్లెక్కనివ్వడం లేదు కాబట్టి పై వరస బొమ్మల్ని చూడాలనుకునేవాళ్లు బైనాక్యులర్స్ వెంట తీసుకెళ్లండి.