చిల్లగింజ నుండి నల్లగొండ పద్ధతి దాకా



వానాకాలంలో కాలువ నీరు ఎర్రబడితే మా అమ్మ చిల్లగింజను బిందె లోపలివైపు అరగదీసి, రాత్రంతా కదపకుండా ఉంచేది. తెల్లవారేసరికి బురద అడుగున చేరి, పైనీరు తేటపడేది. ఇండుపగింజ అన్నా ఇదే, సంస్కృతంలో కతకము. దీని గుణాన్ని మనుస్మృతి పేర్కొన్నది. నీటిని తేర్చి తానూ అడుగంటే ఈ గింజపొడిని, శంకరుల పేరిట ప్రసిద్ధమైన 'ఆత్మబోధ' జ్ఞానానికి ఉపమానంగా గ్రహించినది. పేదయింటి నీటిశుద్ధికి ఇంతటి గౌరవం దక్కడం విశేషమే.

అయితే తేటనీరంతా మంచినీరేనా?

నల్లగొండ జిల్లాలో నేను పనిచేసిన ఊరి బోరునీరు అద్దంలా ఉండేది. పిల్లల పళ్ళపై మాత్రం గోధుమరంగు చారలు. ఒక బాలిక నోటికి చేయి అడ్డుపెట్టుకోనిదే పద్యం అప్పజెప్పేది కాదు. మేము చందాలు వేసుకొని బడికి క్యాండిల్ ఫిల్టరు కొని, ధన్యులమైనామనుకున్నాము. అది మట్టిని ఆపినది. నీటిలో కరిగియున్న ఫ్లోరైడును ఆపలేదు. ముందుగా నీటిని పరీక్ష చేయించాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని గురించి తొలి నివేదిక 1937లో వెలువడినది తెలుగునేల నుండే, నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుండి. గుడ్డ వడపోత గాని, చిల్లగింజ గాని ఈ దోషాన్ని తీర్చలేవు. కాచినచో నీరు ఆవిరై ఫ్లోరైడు మరింత చిక్కబడుతుంది.

1970ల దశకంలో నాగపూరులోని 'నీరి' పరిశోధన సంస్థ దీనికొక చవకైన ఉపాయం రూపొందించినది. దాని పేరే నల్లగొండ పద్ధతి. అడుగుకు కాస్త ఎత్తున కుళాయి బిగించిన 40 లీటర్ల బకెట్టు, పటిక, సున్నం, కొద్దిగా బ్లీచింగు పౌడరు: ఇంతే సామగ్రి. 10 నిమిషాలు కలియబెట్టి గంటసేపు కదపకుండా ఉంచితే, పటిక వలన ఏర్పడిన తెల్లని మడ్డి ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు దిగుతుంది. మా అమ్మ బిందెలో జరిగినదీ ఇటువంటిదే!

కాని పటిక మోతాదు నీటిలోని ఫ్లోరైడును, క్షారగుణాన్ని బట్టి మారుతుంది; హెచ్చితే అల్యూమినియం నీటిలో మిగులుతుంది. కనుక ఇక్కడా పరీక్షే మొదటి మెట్టు. భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు దాటరాదు. వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు.

ఏ ఫిల్టరైనా కొనేముందు మీ ఇంటి నీటిని ఒకసారి పరీక్ష చేయించండి. ఈ ముక్క ఆనాడు నాకెవరైనా చెప్పియుంటే ఎంత బాగుండేది!

మీ ఇళ్ళలో చిల్లగింజ వాడిన జ్ఞాపకాలుంటే తెలుపగలరు.