హంకో రేవులో ఓడ ఎక్కినవాళ్ళు

ఫిన్లాండు పటం చూస్తే నైరుతి మూలన సముద్రంలోకి వేలు చాపినట్టు ఒక నేలముక్క కనిపిస్తుంది. ఆ వేలి కొసన ఉన్న ఊరు హంకో. ఆ దేశంలో అన్నిటికన్న దక్షిణాన ఉన్న పట్టణం ఇదే. హెల్సింకీకి సుమారు 130 కిలోమీటర్లు. జనాభా ఎనిమిది వేలకు అటూ ఇటూ. మన వైపు ఓ మోస్తరు పల్లెటూరికి కూడా అంతకన్న ఎక్కువమందే ఉంటారు.

కిందటి వేసవిలో మేము నాలుగు రోజులు అక్కడ ఉన్నాం. యాత్రికులకిచ్చే కాగితాల్లో ఇసుక తిన్నెలు, చెక్క మేడలు, జూలై నెల మొదట్లో జరిగే తెరచాప పడవల పందాలు ఇవన్నీ రంగురంగుల బొమ్మలతో ఉన్నాయి. అవన్నీ బాగానే ఉన్నాయి, కాదనను. అయితే ఆ ఊరు చూడవలసినది ఇంకొక కారణానికి అని నా అభిప్రాయం. 1880 మొదలు 1930 దాకా దాదాపు రెండున్నర లక్షలమంది ఫిన్లాండు ప్రజలు దేశం విడిచి వెళ్ళింది ఈ రేవు నుంచే. వాళ్ళలో చాలామంది మొదట దిగింది మనం ఉంటున్న ఈ ఇంగ్లండులోనే. కాబట్టి ఆ కథ మన పత్రిక పాఠకులకు చెప్పదగినదే అనిపించింది.

ఊరు కట్టకముందు నుంచీ ఆ చోటికి పేరుంది. గాలి వాలు కోసం ఎదురుచూసే ఓడలు అక్కడి దీవుల చాటున లంగరు వేసేవి. రెండు చిన్న దీవుల మధ్య ఇరుకు పాయ ఒకటుంది. దాని పేరు హౌవెన్‌సువోలి, అంటే చేప పేగు అని అర్థం. ఓడల్లోని వాళ్ళు వారాల తరబడి తోచక అక్కడి రాళ్ళమీద తమ పేర్లు, వంశాల ముద్రలు చెక్కుకున్నారు. 16వ శతాబ్దం మొదలుకొని అలాంటివి ఆరువందలకు పైగా ఉన్నాయి. వేసవిలో పడవలో తీసుకెళ్ళి చూపిస్తారు. 1714లో పీటర్ చక్రవర్తి నౌకాదళం స్వీడన్ ఓడలను ఓడించింది ఈ ప్రాంతంలోనే. రష్యన్లు ఈ ఊరిని గంగూత్ అంటారు. స్వీడిష్ భాషలో హాంగొ. ఊళ్ళో ఇప్పటికీ రెండు భాషలవాళ్ళూ ఉన్నారు, ప్రతి వీధికీ రెండు పేర్లు. ఏ పేరు పైన ఉండాలి అని ఎవరూ కొట్టుకుంటున్నట్టు కనబడలేదు.

అసలు పట్టణం పుట్టింది రైలువల్ల. అప్పట్లో ఫిన్లాండు రష్యా జారు ఏలుబడిలో ఉండేది. చలికాలంలో అక్కడి సముద్రం గడ్డకట్టి రేవులన్నీ మూతపడేవి. కొసన ఉన్న హంకోలో మంచు కొంచెం తక్కువ. ఇది చూసి ఒక ప్రైవేటు కంపెనీ అక్కడిదాకా రైలు వేసింది. 1873లో బండి నడిచింది, 1874లో ఊరికి పట్టణ హోదా వచ్చింది, కంపెనీ దివాలా తీసింది, 1875లో ప్రభుత్వం రైలుమార్గాన్ని కొనేసింది. 1890లో మూర్తయా అనే మంచు పగలగొట్టే ఓడ వచ్చాక చలికాలం కూడా రేవు తెరిచి ఉండటం మొదలైంది. ఫిన్లాండు ఓడల కంపెనీ ఇంగ్లండుకు ఓడలు నడిపింది. వాటిలో ముఖ్యమైన సరుకు వెన్న. ఇంగ్లండువాళ్ళ రొట్టెకు ఫిన్లాండు వెన్న! వెన్న పీపాలు ఎక్కిన ఓడలోనే మనుషులూ ఎక్కారు.

అదే రైల్లో ఇంకొక రకం జనం కూడా దిగేవారు. 1879లో హంకోలో సముద్రస్నానాల కేంద్రం పెట్టారు. సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి జమీందార్లు, వాళ్ళ కుటుంబాలు వేసవికి వచ్చి నెలలు గడిపేవారు. వాళ్ళ కోసం కట్టిన చెక్క మేడలు, చెక్కడపు వసారాలతో, ఇప్పటికీ వరసగా నిలిచి ఉన్నాయి. మా ఆవిడ రెండు పూటలు వాటిముందే తిరిగింది. ఒడ్డున నాలుగు గాలుల ఇల్లు అనే కాఫీ హోటలొకటి ఉంది. 1927 నుంచి 1933 దాకా అది మానర్‌హైమ్ సేనాని చేతిలో ఉండేది. పక్కనే ఆయన ఇల్లు. మద్యనిషేధం ఉన్న రోజుల్లో అక్కడ టీ కప్పుల్లో టీ కానిది పోస్తూ గొడవ చేస్తుంటే భరించలేక తానే హోటల్ తీసుకున్నాడని చెప్పుకుంటారు.

ఇక రేవు సంగతి. వెళ్ళిపోయినవాళ్ళలో దాదాపు సగంమంది పొహ్యన్‌మా అనే పడమటి జిల్లాల రైతుకూలీలు, కౌలుదార్లు. భూమి పెద్దకొడుక్కి పోతే తక్కినవాళ్ళకు మిగిలేది లేదు. 1899లో జారు నికొలాయ్ ఫిన్లాండు స్వయంపాలన హక్కులను కుదిస్తూ ప్రకటన చేశాడు. 1901లో రష్యా సైన్యంలో చేరాలనే చట్టం తెచ్చాడు. మరుసటి ఏడు, 1902లో, ఒక్క సంవత్సరంలోనే 23 వేలమంది దేశం విడిచారు. మొత్తం జనాభా ముప్ఫై లక్షలైనా లేని దేశం అది. మగవాళ్ళు మిషిగన్ రాగిగనులకు, మిన్నెసోటా ఇనుపగనులకు, అడవులకు పోయారు. ఆడపిల్లలు ఒంటరిగా బయలుదేరి న్యూయార్కు, బోస్టన్ ఇళ్ళలో పనికి కుదిరారు. ఇది నాకు ఆశ్చర్యం కలిగించింది. ఇరవై ఏళ్ళయినా నిండని పిల్లలు, భాష రాకుండా, ఒక్కళ్ళే.

హంకోలో ఓడ ఎక్కితే కోపెన్‌హాగెన్ మీదుగా హల్ చేరడానికి ఇంచుమించు నాలుగు రోజులు పట్టేది. యార్క్‌షైర్‌లో ఉన్న మన సభ్యులకు హల్ స్టేషన్ తెలిసే ఉంటుంది. దాని పక్కన వలసవెళ్ళేవాళ్ళ కోసం రైలు కంపెనీ 1871లో ప్రత్యేకంగా ఒక నిరీక్షణశాల కట్టింది. అందులో స్నానానికి నీళ్ళు, టిక్కెట్ల కిటికీ ఉండేవి. ఊళ్ళోవాళ్ళతో కలవకుండా అక్కడినుంచే రైలెక్కించి లీడ్స్ మీదుగా లివర్‌పూల్‌కు పంపేవారు. ఆ కట్టడం ఇంకా ఉంది. నేను ఎన్నోసార్లు ఆ పక్కనుంచే నడిచాను, అది ఏమిటో హంకో వెళ్ళేదాకా పట్టించుకోలేదు. 1912లో టైటానిక్ ఎక్కిన ఫిన్లాండువాళ్ళు 63 మంది. వాళ్ళలో బతికి ఒడ్డుకు చేరింది 20 మంది.

వైద్యుణ్ణి కనుక ఇక్కడ కొంచెం ఆగుతాను. ఈ ప్రయాణంలో అందరికన్న ఎక్కువ భయపెట్టినవాడు డాక్టరు. 1891 నాటి అమెరికా చట్టం అంటురోగులను రానివ్వకూడదంది. 1897లో ట్రకోమా అనే కంటిజబ్బు కూడా ఆ జాబితాలో చేరింది. 1903 చట్టం ప్రకారం రోగిని తెచ్చిన ఓడ కంపెనీ తలకి నూరు డాలర్లు జరిమానా కట్టి, వెనక్కి కూడా తనే తీసుకెళ్ళాలి. దాంతో కంపెనీలు బయలుదేరే చోటే కళ్ళు చూడటం మొదలుపెట్టాయి. న్యూయార్కులో దిగాక డాక్టర్ల ముందు వరసలో నడవాలి. మనిషికి కొన్ని సెకండ్లే. అనుమానం వస్తే కోటు మీద సుద్దముక్కతో ఒక అక్షరం. గుండెకు ఒకటి, కుంటికి ఒకటి, మతి సరిగా లేదనుకుంటే ఇంకొకటి. బూట్ల గుండీలు పెట్టుకునే కొక్కెంతో కనురెప్ప తిప్పి చూసేవారు. ఆ నొప్పి గురించి ఆనాటివాళ్ళంతా చెప్పారు. మందులేమీ లేని రోజులు, రెప్పకు మైలుతుత్తం రాయటమే వైద్యం. ఇవాళ ఒక్క మోతాదు అజిత్రోమైసిన్‌తో లొంగే జబ్బు అది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన భారతదేశంలో ట్రకోమా ప్రజారోగ్య సమస్యగా లేదని ప్రకటించింది కూడా.

పరీక్ష చేసిన ఆ డాక్టర్లు దుర్మార్గులని నేననను. రోజుకు వేలమందిని చూడాల్సినవాడు ఏం చేస్తాడు? కాని తల్లికి అక్షరం పడి పిల్లలకు పడకపోతే ఏమవుతుంది? ఎవరు ముందుకు వెళ్ళాలి, ఎవరు వెనక్కి రావాలి? ఆ నిర్ణయం అక్కడికక్కడే, దుభాషీ ద్వారా, జరగాలి. మనలో చాలామందిమి ఈ దేశం రావడానికి క్షయ లేదని ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని సర్టిఫికెట్ పట్టుకొచ్చినవాళ్ళమే. మనకైతే ఆ ముక్క విమానం ఎక్కకముందే తేలిపోయింది.

తెల్లతోలు ఉన్నవాళ్ళకు అమెరికాలో అడ్డేముంది అనుకుంటాం గదా. 1908లో మిన్నెసోటాలో జాన్ స్వాన్ అనే ఫిన్లాండు మనిషి పౌరసత్వం అడిగితే, ఫిన్లాండువాళ్ళు మంగోలు జాతివాళ్ళు, తెల్లవాళ్ళు కారు, ఇవ్వకూడదని ప్రభుత్వ వకీలు అభ్యంతరం చెప్పాడు. జడ్జి ఒప్పుకోలేదు, స్వాన్ పౌరుడయ్యాడు. పదిహేనేళ్ళకు, 1923లో, భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ సిక్కు ఇదే ప్రశ్నమీద సుప్రీంకోర్టుకు వెళ్ళి ఓడిపోయాడు. ఆ మరుసటి సంవత్సరం వచ్చిన చట్టం ఫిన్లాండుకు ఏటా 471 మందిని మాత్రం అనుమతించింది. మన దేశంనుంచి వలస పోవటాన్ని పూర్తిగా మూసేసింది. హంకో రేవులో రద్దీ అలా తగ్గిపోయింది. వెళ్ళినవాళ్ళలో దాదాపు అయిదో వంతు తిరిగి వచ్చారట. గనుల్లో కూడబెట్టిన డబ్బుతో ఊళ్ళో పొలం కొనుక్కున్నవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. తక్కినవాళ్ళ పేర్లు ఓడల కంపెనీ జాబితాల్లో ఉన్నాయి. 1974లో తుర్కు నగరంలో పెట్టిన వలసల పరిశోధన సంస్థ వాటిని భద్రపరచి, తాతల కోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకు చూపిస్తోంది.

ఈ సంగతి నన్ను కొంత బాధపెట్టింది కూడా. మారిషస్‌లోని తెలుగువాళ్ళను ఒకప్పుడు కోరంగీలనేవారు, మన కోరంగి రేవునుంచి వెళ్ళినందుకు. ఆ పేరు అక్కడ నిలిచింది గాని, కోరంగి వెళ్ళి వాళ్ళను తలుచుకునేవాళ్ళు ఎందరు? హంకోవాళ్ళు సముద్రపు ఒడ్డున, 1967లో, వలసపోయినవాళ్ళ పేర ఎగిరే పక్షుల శిల్పం నిలబెట్టారు.

ఇంతమందిని సాగనంపిన ఊరికి తానే కదలవలసిన రోజు కూడా వచ్చింది. 1940 మార్చి 12న సోవియట్ యూనియన్‌తో సంధి కుదిరినప్పుడు హంకోను ముప్ఫై ఏళ్ళకు నౌకాస్థావరంగా కౌలుకివ్వాలన్నది ఒక షరతు. కౌలు ఏడాదికి 80 లక్షల మార్కులు. ఊరు ఖాళీ చేయడానికి పది రోజులు గడువు. సుమారు ఎనిమిది వేలమంది, గడ్డకట్టే చలిలో, సామాన్లు మూటగట్టి రైలెక్కారు. ఆ పది రోజుల్లో ఎవరు ఏం తీసుకెళ్ళి ఉంటారు? మా పెద్దవాడు అక్కడే నన్నడిగాడు, కుక్కల్ని కూడా తీసుకెళ్ళారా అని. నేనేం చెప్పగలను? ఊళ్ళోకి ముప్ఫై వేలమంది సోవియట్ సైనికులు, వాళ్ళ కుటుంబాలు వచ్చాయి. 1941లో మళ్ళీ యుద్ధం మొదలై, డిసెంబరు మొదట్లో ఆ దండు సముద్రమార్గాన వెళ్ళిపోయింది. చివరి ఓడల్లో ఒకటైన జోసెఫ్ స్టాలిన్ మందుపాతరల మీద పడి వేలమంది ప్రాణాలు పోయాయి. ఆ సముద్రమే ఇప్పుడు స్నానాలకు పేరు పడింది.

హంకోవాళ్ళు మాత్రం ఇళ్ళకు తిరిగి రాగలిగారు. అదే సంధిలో కరేలియా నుంచి కదిలిన నాలుగు లక్షలమందికి ఆ అదృష్టం చివరకు దక్కలేదు. వచ్చి చూస్తే ఊరి నీటి ట్యాంకు పేల్చేసి ఉంది. ఇప్పుడున్న ఎర్ర ఇటుకల టవరు 1943లో కట్టింది. లిఫ్టులో పైకెక్కి చూడవచ్చు. ఒక పక్క మేడలు, ఇంకొక పక్క రేవు, రెంటి మధ్యా రైలుపట్టాలు. మొత్తం ఊరు అక్కడినుంచి ఒక్క చూపులో అందుతుంది. ఒడ్డున ఇంకొక స్మారకస్తంభం ఉంది. 1918లో జర్మన్ సైన్యం అక్కడ దిగి సాయం చేసినందుకు 1921లో పెట్టారు. సోవియట్లు పీకేస్తే 1943లో మళ్ళీ పెట్టారు, యుద్ధం ఓడాక 1946లో వాళ్ళే దించారు, 1960లో జర్మన్ల పేరు లేకుండా, మా స్వేచ్ఛ కోసం అన్న ముక్క మాత్రం చెక్కి నిలబెట్టారు. ఒక రాయి ఇన్నిసార్లు లేచి కూర్చున్న కథ నేనింకెక్కడా వినలేదు.

వెళ్ళదలచినవారికి రెండు మాటలు. హెల్సింకీ నుంచి రైలెక్కి కర్యా దగ్గర మారాలి. జూన్ చివరినుంచి ఆగస్టు మధ్యదాకా మంచి కాలం, రాత్రి పదింటికి కూడా వెలుగుంటుంది, పిల్లలు నిద్రపోరు. శాకాహారులకు సోయికూర వేసి ఉడికించిన కొత్త బంగాళాదుంపలు, వెన్న, నల్లటి రై రొట్టె దొరుకుతాయి. ఒక ఊరగాయ సీసా వెంట ఉంచుకోవటం మేలు. రాతిచెక్కడాల దగ్గరికి పడవలు వేసవిలోనే నడుస్తాయి, గాలి ఎక్కువైతే ఆపేస్తారు. కాబట్టి ఆ పని మొదటి రోజే చూసుకోండి.