అతుకుల బొంత: పడక మీది నుంచి గోడ మీదికి

చిన్న గుడ్డముక్కలను ఒక నమూనా ప్రకారం కలిపి కుట్టిన బట్టను గానీ, సాదా బట్టపై వేరే బట్టలోంచి కత్తిరించిన ఆకారాలను పరిచి కుట్టిన బట్టను గానీ అతుకుల బొంతకు పైపొర అంటారు. పూర్తి బొంతలో మూడు పొరలుంటాయి: కంటికి కనిపించే పైపొర, మధ్యలో వెచ్చదనమిచ్చే దూది లేదా ఉన్ని, అడుగున అస్తరు. ఈ మూడింటినీ పట్టి ఉంచే కుట్టుతో బొంత పూర్తవుతుంది. వెచ్చదనం కింది పొరల్లో ఉంటే, రంగుల పొందిక, నమూనా అంతా పైపొరలోనే ఉంటుంది. అందుకే పైపొరను విడిగానే గోడకు తగిలించి చూడవచ్చు. బొంతను గోడ మీద కళగా చూసే అలవాటు ప్రధానంగా అమెరికాలో, 20వ శతాబ్దంలో స్థిరపడింది. దాని మూలాలు అంతకన్నా పాతవి.

తొలి నమూనాలు

యూరప్‌లో మిగిలిన అతి పాత బొంతల్లో ముఖ్యమైనది ట్రిస్టన్ బొంత. 14వ శతాబ్దపు రెండో సగంలో సిసిలీలో నారబట్టపై దీన్ని కుట్టారు. ట్రిస్టన్ అనే వీరుడి కథలోని ఘట్టాలను బట్ట వెనుక దూది కూరి ఉబ్బెత్తు బొమ్మలుగా తీర్చారు. దీనికి సంబంధించిన భాగాలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ, ఫ్లోరెన్స్‌లోని బార్జెల్లో మ్యూజియంలోనూ ఉన్నాయి. కథను బొమ్మలుగా చెప్పే బొంత కప్పుకోవడానికే కాక చూడడానికి కూడా తయారైందని ఇది తెలుపుతుంది.

ఈ చరిత్రలో తెలుగు తీరానికీ వాటా ఉంది. 17, 18 శతాబ్దాల్లో మచిలీపట్నంతో సహా కోరమాండల్ రేవుల నుంచి రంగులద్దిన నూలుబట్టలు యూరప్‌కు పెద్ద ఎత్తున ఎగుమతయ్యాయి. నడుమ పూలచెట్టు, చుట్టూ అంచు ఉన్న పాలంపోర్ అనే పెద్ద బట్టలను అక్కడి సంపన్నులు పడకపై పరిచేవారు, గోడలకు కూడా కట్టేవారు. తమ నేతపని దెబ్బతింటోందన్న ఆందోళనతో ఫ్రాన్స్ 1686లో ఈ బట్టలను నిషేధించింది. ఇంగ్లండ్ 1701లో దిగుమతిని అడ్డుకుని, 1721లో వాడకాన్ని కూడా చాలావరకు నిషేధించింది. ఖరీదైన ఈ బట్ట చిరిగినా పారేయకుండా, అందులోని పూలను, పక్షులను కత్తిరించి సాదా బట్టపై పరిచి కుట్టే పద్ధతి పెరిగింది. బ్రోడరీ పర్స్ అనే ఈ పని 18వ శతాబ్దపు చివరి నుంచి 19వ శతాబ్దపు మధ్య వరకు ఇంగ్లండ్, అమెరికాల్లో ఆదరణ పొందింది. మొదట కోరమాండల్ బట్టలను, తర్వాత వాటిని అనుకరించిన యూరప్ అచ్చుబట్టలను ఇందుకు వాడారు.

దూది లేకుండానే నిలిచిన పైపొరకు ప్రసిద్ధ ఉదాహరణ రాజా బొంత. 1841లో ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాలోని హోబార్ట్‌కు రాజా అనే ఓడలో తరలించిన మహిళా ఖైదీలు దీన్ని ప్రయాణంలో కుట్టారు. సంస్కర్త ఎలిజబెత్ ఫ్రై నడిపిన సంఘం వారికి గుడ్డముక్కలు, సూదులు, దారం ఇచ్చింది. 2,800కు పైగా ముక్కలున్న ఈ బట్ట ఇప్పుడు కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆస్ట్రేలియాలో ఉంది.

అమెరికాలో ఎదుగుదల

19వ శతాబ్దపు అమెరికాలో బొంత ఇంటి అవసరమే కాదు, సంతల్లో పోటీకి పెట్టే పనితనం కూడా. జార్జియా రాష్ట్రంలో బానిసగా పుట్టిన హారియట్ పవర్స్ కుట్టిన బైబిల్ బొంత 1886లో ఏథెన్స్ పట్టణపు పత్తి ప్రదర్శనలో కనిపించింది. దాన్ని చూసి కొనాలని కోరిన ఒక చిత్రకళా ఉపాధ్యాయినికి పవర్స్ మొదట అమ్మలేదు. డబ్బుకు కటకట వచ్చాక 5 డాలర్లకు ఇచ్చింది. కొన్నామె ప్రతి గడి అర్థాన్ని పవర్స్ నోట విని రాసి ఉంచింది. అదిప్పుడు స్మిత్‌సోనియన్ సంస్థ వద్ద ఉంది. పవర్స్ కుట్టిన మరో బొమ్మల బొంత బోస్టన్ లలితకళల మ్యూజియంలో ఉంది.

1880ల్లో పట్టు, మఖమలు ముక్కలను క్రమం లేకుండా కలిపి, అతుకులపై రంగుదారంతో అల్లికలు వేసిన క్రేజీ బొంతలు వాడుకలోకి వచ్చాయి. వీటిలో చాలావాటికి దూదిపొర లేదు. అతిథులు కూర్చునే గదిలో అలంకారంగా వీటిని పరిచేవారు. 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శన సందర్భంగా సియర్స్ కంపెనీ నడిపిన బొంతల పోటీకి దాదాపు 25,000 బొంతలు వచ్చాయి. ఆర్థిక మాంద్యపు ఆ కాలంలో పిండిసంచుల బట్ట, పాత దుస్తుల ముక్కలు చేతికందేవి. దూది, అస్తరు కొనడానికీ, బొంతను బిగించి కుట్టే పెద్ద చట్రం పరచడానికీ అందరికీ వీలుండేది కాదు. అప్పటి పైపొరలు ఎన్నో పూర్తికాకుండా పెట్టెల్లో మిగలడానికి ఇది ఒక కారణం.

గ్యాలరీ గోడపైకి

చిత్రకారిణి సోనియా డెలానే 1911లో తన బిడ్డ ఉయ్యాల కోసం కుట్టిన అతుకుల బట్ట నైరూప్య చిత్రకళ చరిత్రలో చోటు సంపాదించుకుంది. అది ప్యారిస్‌లోని జాతీయ ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. అయితే బొంతను చూసే దృష్టిని నిర్ణయాత్మకంగా మార్చింది 1971లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో జరిగిన ప్రదర్శన. జొనాథన్ హోల్‌స్టీన్, గెయిల్ వాన్ డెర్ హూఫ్ తాము సేకరించిన పాత బొంతల్లో సుమారు 60 ఎంచి, చిత్రాలను తగిలించినట్టే గోడలకు తగిలించారు. పడకపై అంచులు కిందికి వాలి సగమే కనబడే నమూనా, నిలువుగా, ఎడం నుంచి చూసేసరికి మొత్తంగా కళ్ల ముందు నిలిచింది. ఈ సేకరణను 2003లో నెబ్రాస్కాలోని అంతర్జాతీయ బొంతల అధ్యయన కేంద్రానికి ఇచ్చారు.

ఈ ప్రదర్శనపై విమర్శ కూడా వచ్చింది. నమూనాను మెచ్చుకున్నవారు కుట్టిన స్త్రీలను, వారి ఉద్దేశాలను పట్టించుకోలేదని కళాచరిత్రకారిణి పట్రీషియా మైనార్డీ 1973లో రాసిన వ్యాసంలో వాదించింది. ఆ వాదనలో బలం ఉంది. తర్వాతి ప్రదర్శనలు కుట్టినవారి పేర్లకు, జీవితాలకు ఎక్కువ చోటిచ్చాయి. అలబామాలోని గీస్ బెండ్ అనే నల్లజాతి పల్లె స్త్రీలు పొలం పనికి తొడిగి అరిగిపోయిన బట్టలతో కుట్టిన బొంతలను 2002లో హ్యూస్టన్‌లోనూ, తర్వాత విట్నీలోనూ వారి పేర్లతోనే ప్రదర్శించారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో బిళ్లలు వెలువరించింది.

ఈలోగా గోడ కోసమే బొంతలు కుట్టే కళాకారులు వచ్చారు. 1979లో ఒహాయోలోని ఏథెన్స్‌లో, ఒక పాత పశువులశాలలో క్విల్ట్ నేషనల్ ప్రదర్శన మొదలైంది. ఫెయిత్ రింగ్‌గోల్డ్ 1980ల నుంచి బొమ్మ, కథ, అతుకుల అంచు కలిసిన కథాబొంతలు చేసింది. 1988 నాటి టార్ బీచ్ వాటిలో పేరుపొందింది.

పైపొరను ముగించే పద్ధతులు

విడి పైపొర బలహీనమైనది కాబట్టి గోడకు తగిలించే ముందు దాన్ని ముగించాలి. అతుకుల లోపలి మడత సాధారణంగా పావు అంగుళమే ఉంటుంది. చుట్టూ తెగిన అంచుల్లో పోగులు ఊడతాయి. పడుగు, పేకలకు ఏటవాలుగా కత్తిరించిన ముక్కలు సాగుతాయి. అందుకని మొదట అంచు పొడవునా, మడత కొలతకు లోపలే, ఒక వరుస కుట్టు వేస్తారు. విడిపోయిన అతుకులను చేతితో కుట్టి, వెనుక మడతలను ఒక పక్కకు తిప్పి ఇస్త్రీ చేస్తారు. ముగించక ముందే ఉతికితే అతుకులు ఊడతాయి, రంగులు కూడా దిగవచ్చు.

అన్నిటికన్నా తేలిక పద్ధతి అస్తరు వేయడం. తడిపి ఆరబెట్టిన నూలుబట్టను పైపొర ముఖానికి ఎదురుగా పరిచి, చుట్టూ కుట్టి, వదిలిన ఖాళీలోంచి దిండుగలీబులా తిరగేస్తారు. ఖాళీని చేతికుట్టుతో మూస్తారు. వెలుతురు వెనుక నుంచి పడినప్పుడు లోపలి మడతలు నీడల్లా కనిపించకుండా కూడా అస్తరు కాపాడుతుంది. రెండు పొరలు జారకుండా జానెడు ఎడంలోపు దారంతో ముడులు వేయవచ్చు, లేదా అతుకు గీతల వెంట కుట్టవచ్చు. గోడపై కొంచెం నిండుగా కనిపించాలంటే నడుమ పల్చని దూదిపొర సరిపోతుంది. మందమైన దూది బరువును పెంచుతుంది.

అంచును రెండు విధాలుగా ముగిస్తారు. విడి పట్టీని చుట్టూ కుట్టి వెనక్కి మడిస్తే అది చట్రంలా కనబడుతుంది. పట్టీని పూర్తిగా వెనక్కి తిప్పేస్తే నమూనా అంచు దాకా సాగుతుంది. చిన్న పైపొరలను చెక్క చట్రంపై బిగించిన సాదా బట్టకు కుట్టవచ్చు. పాత బట్టకు జిగురు పూయడం, మేకులు కొట్టడం తగదు. అద్దం వేస్తే అది బట్టను తాకకుండా ఎడం ఉంచాలి.

వేలాడదీయడం, సంరక్షణ

బరువు పై అంచంతటా సమంగా పడాలన్నది ప్రధాన సూత్రం. రెండు మూలల్లో మేకులకు తగిలిస్తే నడుమ భాగం కుంగి, మూలల్లో పోగులు తెగుతాయి. అందుకే వెనుక పై అంచున బట్టగొట్టం కుట్టి, అందులో కర్ర దూరుస్తారు. పెద్ద ప్రదర్శనల్లో దీని వెడల్పు సాధారణంగా 4 అంగుళాలు. కర్ర మందానికి చోటుండేలా గొట్టాన్ని కాస్త వదులుగా కుడితే ముఖం ఉబ్బదు. మ్యూజియాల్లో వెల్క్రో పద్ధతి కూడా ఉంది: మెత్తని పట్టీని ముందు గట్టి నూలు నాడాకు, ఆ నాడాను బొంతకు కుట్టి, గరుకు పట్టీని గోడకు బిగించిన చెక్కబద్దపై ఉంచుతారు. చిన్నవాటికి వెనుక పై మూలల్లో రెండు ముక్కోణపు జేబులు కుట్టి, వాటి మధ్య సన్నని కర్ర ఇరికిస్తే చాలు.

వెలుతురు వల్ల జరిగే నష్టాన్ని సరిచేయలేం. మ్యూజియాలు బట్టలపై కాంతిని సుమారు 50 లక్స్‌కు పరిమితం చేసి, కొన్ని నెలలకోసారి వాటిని దించి విశ్రాంతినిస్తాయి. ఇంట్లో ఎండ పడే గోడ, చెమ్మ గోడ, వంటగది పొగ తగిలే గోడ పనికిరావు. ఇనుప లవణాలతో అద్దిన పాత నలుపు, గోధుమ రంగు బట్టలు, తగరపు లవణాలతో బరువు పెంచిన పాత పట్టు వాటంతటవే పొడిగా రాలిపోతాయి. అలాంటి పైపొరలను వేలాడదీయకుండా పరిచి ఉంచడం మేలు. దాచేటప్పుడు ఆమ్లరహిత కాగితం చుట్టి, మడతలను అప్పుడప్పుడు మార్చాలి.

వెనుక అస్తరుపై కుట్టినవారి పేరు, ఊరు, సంవత్సరం, ముగించినవారు వేరైతే వారి పేరు రాసిన గుడ్డపట్టీ కుట్టడం ముగింపు పనిలో భాగం. పాత పైపొరల్లో ఎక్కువవాటికి ఈ వివరాలు లేక, వాటి చరిత్రను బట్ట, రంగు, నమూనాల ఆధారంగా అంచనా వేయాల్సి వస్తోంది.